అప్పు కంటే ముందు గంటలు లెక్కపెట్టండి: గ్రామ సంఘాలకు, మండల సమాఖ్యలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలు కలిసి ఏర్పడ్డ గ్రామ సంఘాల, వాటి పైన ఉండే మండల సమాఖ్యల పాలకవర్గ సభ్యులకు, గ్రామ సంఘ సహాయకులైన వీవోఏలకు, క్లస్టర్ కోఆర్డినేటర్లయిన సీసీలకు, అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజర్లయిన ఏపీఎంలకు నమస్కారం.

ఏ సభ్యురాలికి ఏ పనికి ఎంత అప్పు కావాలో రాసే మైక్రో క్రెడిట్ ప్లాన్ రోజు సంఘం సమావేశంలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. పది మంది సభ్యులు, ఒక ఫారం, గంట టైము. “అక్కా, నువ్వేం పెట్టుకుంటావు?” అని వీవోఏ అడుగుతుంది. మొదటి ఆమె గేదె అంటే రెండో ఆమె కూడా గేదె అంటుంది. తర్వాత కిరాణా, ఆపైన కుట్టుమిషను. ఏదీ తోచని వాళ్ల పేరు ఎదురుగా పచ్చళ్లనో పిండివంటలనో రాసేస్తారు. అప్పు మంజూరవుతుంది, ఫొటో యాప్‌లో ఎక్కుతుంది. కొన్నాళ్లకు పని ఆగిపోతుంది. కిస్తీ మాత్రం ఆగదు, కూలి డబ్బుల్లోంచి కడుతూనే ఉంటారు. వసూళ్లు నూటికి నూరు శాతం కనబడుతుంటే వ్యాపారం ఎప్పుడు మూతపడిందో పై వాళ్లెవరికీ తెలియదు.

ఆగిపోవడానికి కారణం ఆమెకు తెలివి చాలకో, ఒళ్లు వంచకో కాదు. ఎంత డబ్బు కావాలని అడిగిన ఆ ఫారం రెండు విషయాలు అడగలేదు. డబ్బు నీకు ఏ నెలలో, ఏ రూపంలో అవసరం? నీ రోజులో ఖాళీ ఎప్పుడు, ఎంతసేపు దొరుకుతుంది? ఈ రెండింటికీ జవాబు దొరికాకే ఏ వ్యాపారమన్న మాట రావాలి. ఈ లేఖ ఆ రెండు ప్రశ్నల కోసమే.

మన సంఘాల పుట్టుకే చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఎవరో ఇచ్చిన జాబితా చూసి కాదు. ఇంటికి రావాల్సిన కూలి డబ్బు సారా దుకాణానికి పోతోందన్నది వాళ్ల బాధ. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వేడిలోనే అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు ఊరూరా లేచాయి. ఎందుకు దాస్తున్నారో ఎవరికి వాళ్లకు తెలుసు. వ్యాపారానికి కూడా అలాంటి సొంత కారణం ఉండాలి. టార్గెట్ మనదై, కారణం కూడా మనదే అయితే ఆమెకు మిగిలేది కిస్తీ ఒక్కటే.

కారణం తెలుసుకోవడానికి పెద్ద ఉపన్యాసాలు అక్కర్లేదు. సమావేశంలో అందరి ముందు కాకుండా, విడిగా కూర్చుని అడగండి. ఈ పని నడిస్తే ఇంట్లో ముందు ఏం మారాలి? ఒకామెకు జూన్‌లో పిల్ల కాలేజీ ఫీజుకు ఒక్కసారిగా 30 వేలు కావాలి. ఇంకొకామెకు రోజూ 150 రూపాయలు తన చేతిలో ఆడితే చాలు, కూరగాయలకూ మందులకూ ఇంట్లో చెయ్యి చాపకుండా. మూడో ఆమెకు వడ్డీ వ్యాపారి బాకీ తీరాలి. నాలుగో ఆమె అసలు వ్యాపారం వద్దు, ఎకరం కౌలుకు తీసుకుంటానంటుంది. నాలుగూ సరైన కారణాలే. వద్దన్న ఆమెను వద్దనే రాయండి. తర్వాత ఇంకో ప్రశ్న: ఇరుగుపొరుగు నిన్ను ఏ పనికి పిలుస్తారు? పెళ్లి వంటలో పులిహోర కలపడానికా, జాకెట్టు కొలత సరిచేయడానికా, బ్యాంకు ఫారం నింపడానికా? డబ్బు ఇవ్వకుండానే పది మంది అడిగి చేయించుకునే పని ఆమెకు ఇప్పటికే చేతనైన పని. కొత్త శిక్షణ కంటే దాని మీద కట్టుకోవడం తేలిక.

ఇక గంటల సంగతి. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లలను, ముసలివాళ్లను చూసుకునే సమయం వేరే. పొలం పని, కూలి పని దీనికి పైన. ఇంత పని ఉన్న మనిషికి అప్పు ఇచ్చి రోజుకు ఆరు గంటలు పట్టే యూనిట్ అప్పగిస్తే, ఆ ఆరు గంటలు నిద్రలోంచి వస్తాయి, లేదా బడికి వెళ్లాల్సిన కూతురి దగ్గర్నుంచి వస్తాయి.

అందుకే ప్లాన్ రాసే ముందు ప్రతి సభ్యురాలి చేత ఒక వారం గడియారం రాయించండి. క్యాలెండర్ కాగితం వెనకవైపు చాలు. నిలువుగా ఏడు రోజులు, అడ్డంగా ఎనిమిది గళ్లు: లేచినప్పటి నుంచి 8 దాకా, 8 నుంచి 10, 10 నుంచి 1, 1 నుంచి 3, 3 నుంచి 5, 5 నుంచి 7, 7 నుంచి 9, ఆ తర్వాత. రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాల పని. చదువు రాని ఆమెకు ఆరో తరగతి పిల్లాడైనా రాసిపెడతాడు. లేదంటే పొయ్యి, బిందె, కొడవలి బొమ్మలు గీసుకోవచ్చు. వారం చివర ఆ పనులకు మూడు రకాల గుర్తులు పెట్టించండి. కదలనివి: పాలు పితకడం, బడి టైము, నీళ్ల పంపు వదిలే టైము. ఇంట్లో ఇంకొకరు చేయగలిగినవి. నిజంగా ఖాళీ.

ఇక్కడ మూడు పొరపాట్లు తప్పకుండా వస్తాయి. రాత్రి పది తర్వాతి సమయాన్ని ఖాళీగా రాస్తారు; అది నిద్ర, దాన్ని ముట్టుకోకూడదు. మనవడిని చూసుకుంటూ కూర్చున్న రెండు గంటలను ‘ఏమీ లేదు’ అని రాస్తారు. అది పనే, ఆ సమయంలో పొయ్యి మీద మూకుడు పెట్టలేరు. టీవీ చూసిన సమయాన్ని సిగ్గుపడి దాస్తారు. ఎవరూ తనిఖీ చేయరని ముందే చెప్పండి. ఇంకో మాట: ఒక్క వారంతో సరిపోదు. ఖమ్మం, గుంటూరు వైపు జనవరి నుంచి మార్చి దాకా మిర్చి కోతలు, పత్తి ఊళ్లలో దసరా నుంచి సంక్రాంతి దాకా తీత, వానాకాలంలో నాట్లు. పనుల్లేని నెలలో ఒక వారం, పనులు ముమ్మరంగా ఉన్న నెలలో ఒక వారం రాస్తేనే అసలు రూపం తెలుస్తుంది.

ఆ కాగితంలో చూడాల్సింది మొత్తం ఎన్ని గంటలన్నది కాదు, ఏకబిగిన ఎంతసేపు దొరుకుతుందన్నది. రోజుకు నాలుగు గంటలు ఖాళీ ఉన్నా అది అరగంట చొప్పున ఎనిమిది ముక్కలైతే పొయ్యి పని కుదరదు. పొద్దున అందరినీ పంపించాక పదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఒకే ముక్కగా రెండున్నర గంటలు దొరికితే చాలా పనులు కుదురుతాయి. ప్రతి వ్యాపారానికీ తనదైన సమయపు కొలత ఉంటుంది, డబ్బు వచ్చే తీరూ వేరే. రెండూ ఆమె కాగితానికి సరిపోవాలి.

గేదెనే తీసుకోండి, మన ప్లాన్లలో ఎక్కువగా కనబడేది అదే. దానికి ఆదివారం లేదు, పండగ లేదు. పొద్దున, సాయంత్రం పాల కేంద్రం తెరిచే టైముకు కదలని రెండు ముక్కలు కావాలి. ఒక్కో పాడి గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుగడ్డి పడుతుంది. దాణా ఒంటికి 2 కిలోలు, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. సొంతంగా పచ్చిగడ్డి లేని ఇంట్లో గట్ల మీద గడ్డి కోసుకు రావడానికే గంటన్నర పోతుంది. ఆ గంటన్నర ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండదు. అన్నిటికంటే పెద్ద నష్టం రెండు గేదెలను ఒకేసారి కొనడంలో ఉంది. రెండూ ఒకే ఈత మీద వస్తాయి, రెండూ ఒకేసారి వట్టిపోతాయి. ఆ రెండు మూడు నెలలు పాల డబ్బు సున్నా, మేత ఖర్చు అలాగే, కిస్తీ అలాగే. రెండోదాన్ని అయిదారు నెలల తర్వాత కొనేట్టు అప్పును రెండు విడతలు చేయించండి. ఇన్సూరెన్స్ పోగు చెవి నుంచి ఊడిపోతే ఆ రోజే చెప్పి మళ్లీ వేయించుకోవాలి. పోగు లేని గేదె చనిపోతే క్లెయిమ్ రాదు. రోజూ పొద్దున సాయంత్రం ఇంటి పట్టున ఉండే ఆమెకు, పదిహేను రోజులకో నెలకో డబ్బు వస్తే సరిపోయే ఇంటికి గేదె మంచి పని. తెల్లారి ఆరింటికే మిర్చి కోతకు ఆటో ఎక్కే ఆమెకు కాదు.

కిరాణాకు పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎవరో ఒకరు కూర్చోవాలి. రోజుకు 2,000 అమ్మి నూటికి పది మిగిలిందనుకున్నా 200. పదిహేను గంటలతో భాగిస్తే గంటకు 13 రూపాయలు. ఉద్దెర పెరిగితే అదీ ఉండదు. ఇంట్లో కాళ్లు నొప్పులతో కదలలేని అత్తగారు కొట్టు చూసుకోగలిగితే లెక్క మారుతుంది, అప్పుడు అది అత్తగారి వ్యాపారమని రాయండి. కుట్టుపని ముక్కలు ముక్కలుగా దొరికే సమయానికి బాగా నప్పుతుంది, మధ్యలో లేచినా కుట్టు ఎక్కడికీ పోదు. కానీ శ్రావణంలో, దసరాకు, పెళ్లి ముహూర్తాల్లో ఊపిరాడదు. ఆషాఢంలో, మూఢంలో మిషను ఖాళీ. నెలనెలా సమానంగా కిస్తీ కట్టేలా పెడితే ఆ ఖాళీ నెలల్లోనే ఆమె వడ్డీకి తెచ్చుకునేది.

ఆవకాయ సంగతి ఇంకోలా ఉంటుంది. టెంక ముదిరిన పుల్లటి కాయ ఏప్రిల్ చివర నుంచి మే దాకా. ఆ మూడు నాలుగు వారాల్లోనే కాయ, కారం, ఆవాలు, నువ్వుల నూనె మొత్తం కొనాలి. సరుకు అమ్ముడయ్యేది మాత్రం పది నెలల పాటు. డబ్బు ఒక్కసారిగా పోయి బొట్లుబొట్లుగా వస్తుంది. దానికి జూన్ నుంచే కిస్తీ మొదలైతే ఎలా కడుతుంది? పైగా ఆ వారాల్లో రోజుకు పది గంటల చాకిరీ. నాలుగు కొలతల ముక్కలకు ఒక్కో కొలత కారం, ఆవపిండి, ఒకటికి కాస్త తక్కువ ఉప్పు అన్న లెక్క మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. వంద కిలోలు పెట్టేటప్పుడు చెడేది రుచి దగ్గర కాదు, తడి దగ్గర. కాయ కడిగి తుడవడంలో తొందర, ముక్కకు అంటిన తడి, తడి గరిటె, సరిగ్గా ఆరని సీసా. వీటిలో ఏ ఒక్కటున్నా నెల తిరక్కుండా పైన బూజు. మూడోనాడు తిరగగలిపి నూనె పోసినప్పుడు ముక్కల పైన కనీసం అర సెంటీమీటరు నూనె నిలవాలి. ఆహార భద్రతా సంస్థ ప్రమాణాల్లోనూ నూనె పచ్చడికి ఆ మాట ఉంది. చికెన్, రొయ్యల పచ్చళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. మామిడికాయకు ఉన్న పులుపు వాటికి లేదు. పులుపు చాలని, అంటే పీహెచ్ (పులుపు పెరిగే కొద్దీ తగ్గే కొలత) 4.6 కంటే తక్కువ లేని పచ్చడిని నూనెలో మూసిపెడితే ప్రాణాంతకమైన బొటులినం విషం పుట్టే ప్రమాదం ఉంది. నిమ్మరసం కంటి అంచనాతో పోసి సీసాల్లో అమ్మనివ్వకండి, ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఇప్పుడు గంట లెక్క దగ్గరికి వద్దాం. సంఘ సభ్యులకు కేంద్రం పెట్టిన ‘లఖ్‌పతి దీదీ’ లక్ష్యం అంటే ఏడాదికి లక్ష ఆదాయం, అదీ కనీసం నాలుగు పంట కాలాలో వ్యాపార చక్రాలో నిలవాలి, నెలకు సగటున 10,000 దాటాలి. అది కుటుంబ ఆదాయం మీద పెట్టిన లెక్క. ఒక్క ఆమే రోజుకు నాలుగు గంటల పనితో, ఏడాదికి 300 రోజులు చేసి లక్ష తేవాలంటే 1,200 గంటలు. అంటే ఖర్చులన్నీ పోను గంటకు 83 రూపాయలు మిగలాలి. మన యూనిట్లలో గంటకు ఎంత మిగులుతోందో రాసుకున్నవి ఎన్ని?

జంతికలతో చేసి చూద్దాం. ఈ ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవి, మీ ఊరి ధరలతో మార్చుకోండి. బియ్యప్పిండి 5 కిలోలు 250 రూపాయలు, శనగపిండి కిలోన్నర 150. పిండి పీల్చుకునే నూనె సుమారు రెండున్నర లీటర్లు, 375. వాము, కారం, ఉప్పు, వెన్న 75. గ్యాస్ కిలోన్నర 150. పావుకిలో కవర్లు, లేబుళ్లు 35కి 140. మొత్తం 1,140. విరిగినవి తీసేస్తే 35 ప్యాకెట్లు, అంటే ఎనిమిదీ ముప్పావు కిలోలు. ఇద్దరు మనుషులు అయిదేసి గంటలు, ఆపైన కొట్లకు వేసి రావడానికి రెండు గంటలు, వెరసి 12 గంటలు. కిలో 240 చొప్పున కొట్టుకు వేస్తే 2,100 వస్తుంది. ముడిసరుకు పోను 960. ఆటోకు 100, వెనక్కి వచ్చిన మూడు ప్యాకెట్లకు 180 తీసేస్తే 680. గంటకు 57 రూపాయలు. అదే కొట్టువాడు బేరమాడి 200కు దింపితే వచ్చేది 1,750. ఖర్చులు, ఆటో, వెనక్కి వచ్చిన సరుకు 150 పోను మిగిలేది 360. గంటకు 30. కిలోకు 40 రూపాయలు తగ్గించినట్టు అనిపిస్తుంది, కానీ పోయింది ఆమె కూలిలో సగం. సొంత కష్టానికి లెక్క కట్టకపోతే ఈ సగం ఎవరికీ కనబడదు. “ఇంట్లో ఊరికే కూర్చునే బదులు” అన్న మాట ఎవరు అన్నా సమావేశంలోనే ఆపండి. ఆమె ఊరికే కూర్చున్న గంట ఎక్కడా లేదని గడియారం కాగితం చెబుతూనే ఉంది.

గంట కూలి పెరిగే దారులు కూడా ఆ లెక్కలోనే దొరుకుతాయి. మూకుడు పెట్టడం, నూనె కాగడం, గిన్నెలు కడగడం మూడు కిలోలకూ పది కిలోలకూ దాదాపు ఒకే సమయం తీసుకుంటాయి. కాబట్టి రోజూ కొంచెం చేయడం కంటే వారానికి రెండు రోజులు ఎక్కువ చేయడం మేలు. సంత బుధవారమైతే మంగళవారం వండాలి. వేయడం, వసూలు ఒకే తిరుగుడులో కావాలి. వేడి మీద కవర్లో వేస్తే లోపల చెమ్మ పట్టి రెండో రోజుకే మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాకే, అదీ అదే రోజు సీలు వేయాలి. వానాకాలంలో చల్లారే పేరుతో రాత్రంతా గాలికి వదిలేసినా అదే గతి. నూనె మళ్లీ మళ్లీ మరిగిస్తే సరుకు త్వరగా వాసన వేస్తుంది, ఆ మూడు ప్యాకెట్లు ఆరవుతాయి. మరిగించే కొద్దీ నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని నిబంధన కూడా ఉంది. నల్లబడి, నురగ కట్టి, చిక్కబడిన నూనెను పారబోయడం నష్టం కాదని లెక్కలోనే రాసి చూపించండి.

ఏది అమ్ముడవుతుందో కనుక్కోవడం గ్రామ సంఘం చేయగల పని, ఒంటరి సభ్యురాలికి కష్టం. ఊళ్లోని కిరాణా కొట్లు, టీ కొట్లలో వారం రోజుల పాటు బయటి నుంచి వ్యాన్లలో ఏయే ప్యాకెట్లు దిగుతున్నాయి, ఎన్ని, ఏ ధరకు అని రాసుకోండి. ఇడ్లీ పిండి, చెక్కీలు, రస్కులు, అల్లం వెల్లుల్లి పేస్టు, అప్పడాలు. వారానికి ఊరు కొనే జంతికలు 20 కిలోలే అయితే ఆ ఊళ్లో జంతికల యూనిట్ ఒక్కటే నడుస్తుంది. ఏడుగురికి అదే రాస్తే ఏడుగురూ ఒకరి ధర ఒకరు దింపుకుంటారు, చివరకు ఒకే సంఘంలో మాటలు కూడా ఆగిపోతాయి.

అప్పు ఆఖరి మెట్టు కావాలి. ముందు సంఘం అంతర్గత అప్పులోంచి 3,000 మించకుండా ఇచ్చి నాలుగు వారాలు ఇంట్లో ఉన్న గిన్నెలతోనే చేయించండి. నాలుగు వారాల తర్వాత చూడాల్సినవి రెండే: గంటకు ఎంత మిగిలింది, మొదటి వారం కొన్నవాళ్లలో ఎందరు మళ్లీ కొన్నారు. రెండూ బాగుంటే సంఘాల పరపతి సంస్థ స్త్రీ నిధి నుంచో, సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు నుంచో 20, 30 వేలు. ఏడాది నడిచాక మిషను. ఈ వరస తిరగబడిన చోటల్లా మిల్లు టార్పాలిన్ కింద పడి ఉంటుంది. కారణం తరచూ కరెంటే: చిన్న గ్రైండర్లు సింగిల్ ఫేజ్ మీద నడుస్తాయి కానీ పెద్ద మోటారుకు త్రీ ఫేజ్ కావాలి, ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే కేటగిరీ మార్చమని నోటీసు వస్తుంది. కొటేషన్ తీసుకునే ముందే లైన్‌మన్‌ను అడగాలి.

చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది. సొంత వాటా కనీసం 10 శాతం పెట్టాలి. ఆ సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులో ఆమె అప్పు ఖాతాకు ఎదురుగా ఉండి, మూడేళ్లు ఖాతా సక్రమంగా ఉండి యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ అవుతుంది. దాన్ని రాబోయే నగదుగా చూపించి ఎవరినీ పెద్ద ప్రాజెక్టుకు ఒప్పించకండి. సంఘ సభ్యులకు మనిషికి 40,000 వరకు సీడ్ క్యాపిటల్ (తొలి పెట్టుబడి) అదే పథకంలో ఉంది, చిన్న పనిముట్లకూ వర్కింగ్ క్యాపిటల్‌కూ (రోజువారీ సరుకు ఖర్చులకూ) అది నయం.

కాగితాల పని గురించి క్లుప్తంగా. ఆహార పదార్థం అమ్మేవాళ్లకు ఎంత చిన్నదైనా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ కావాలి, 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. డబ్బు అడిగే మీసేవ దళారులకు ఇవ్వొద్దు. లేబుల్ మీద పేరు, చిరునామా, నికర తూకం, అన్ని పన్నులతో కలిపి ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. వీటిలో ఒకటి తప్పినా పట్టణంలోని పెద్ద కొట్టు సరుకు తీసుకోదు. చాలామందికి తట్టనిది జీఎస్టీ. టర్నోవర్ తక్కువైతే సొంత రాష్ట్రంలో అమ్ముకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కానీ, పన్ను పడే సరుకు రాష్ట్రం దాటిస్తే మొదటి ప్యాకెట్‌కే కావాలి. భీమవరం నుంచి హైదరాబాద్‌కు పచ్చడి పంపడం ఇప్పుడు రాష్ట్రం దాటడమే.

ఇక మీ చేతుల్లోనే ఉన్న మార్పులు. పదకొండింటికి సమావేశం పెడితే ఆమె రోజులో దొరికే ఒకే ఒక్క పెద్ద ముక్క విరిగిపోతుంది. సభ్యుల కాగితాలు చూసి టైము పెట్టండి, గంటలో ముగించండి. శిక్షణలు నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో వద్దు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో (ఆర్‌సెటీల్లో) భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఉంది, మంచిదే. కానీ చంటిపిల్ల ఉన్న ఆమె పది రోజులు ఇల్లు వదిలి వెళ్లలేదు. అలాంటి వాళ్లు పదిహేను మంది ఉంటే శిక్షకులనే ఊరికి పిలిపించమని అడగండి. సభలకు, ఊరేగింపులకు సంఘాల వాళ్లను తరలించమని ఎవరు చెప్పినా, రాకపోతే అప్పు ఆగుతుందన్న మాట మీ నోటి నుంచి రాకూడదు. అలా పోయిన రోజుకు కూలి ఎవరూ ఇవ్వరు.

ప్లాన్ ఫారంలో ఒక వరస చేర్చండి: ఈ పని మొదలయ్యాక ఇంట్లో ఏ పని ఎవరు తీసుకుంటారు? నీళ్లు పట్టడం భర్త, పిల్లలను అంగన్‌వాడీ నుంచి తేవడం మామగారు అని పేర్లతో రాసి వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. గట్టిగా అమలవుతుందని కాదు, కనీసం ఆ మాట ఒకసారి ఇంట్లో నడుస్తుంది. క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు కట్టి ఉందో కూడా చూడండి. కొట్టు ఆమెది, స్కాన్ చేస్తే డబ్బు భర్త ఫోన్‌లో మోగితే, మిగిలిందెంతో ఆమె ఎప్పటికీ చెప్పలేదు. ఆమె పేరున ఖాతా, ఆమె ఫోన్‌లో నంబరు ఉండాలి. పుస్తకాలు కూడా అయిదు రిజిస్టర్లు వద్దు. ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు చాలు: తెచ్చింది, అమ్మింది, రావాల్సింది, పని చేసిన గంటలు. వారానికి ఒక రోజు, సంత మర్నాడైతే మేలు, గంటసేపు కూర్చుని కూడుకోవాలి. నాలుగో గడి లేని లెక్కకు విలువ లేదు.

ఇదంతా జిల్లా మొత్తం ఒకేసారి మొదలుపెట్టమని అడగడం లేదు. ఈసారి ప్లాన్ రాసే ముందు మీ మండలంలో ఒక గ్రామ సంఘం ఎంచుకుని, అందులో రెండు పొదుపు సంఘాల చేత వారం గడియారం రాయించండి. ఆ కాగితాలు సభ్యుల దగ్గరే ఉండనివ్వండి. ఫొటోలు తీయొద్దు, యాప్‌లోకి ఎక్కించొద్దు. ఎక్కిస్తారని తెలిస్తే మూడో రోజు నుంచే నిజం రాయడం మానేస్తారు.

ఇట్లు,
గ్రామీణ చిన్న వ్యాపారాల శిక్షణలో, లెక్కల పనిలో ఉన్న కొందరం